శంషాబాద్ నుంచి గన్నవరం: 264 కిలోమీటర్లు, టికెట్ మీద గంట

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయానికి, గీత గీసినట్టు కొలిస్తే దూరం సుమారు 264 కిలోమీటర్లు. టికెట్ మీద కనిపించే ప్రయాణ సమయం గంటకు కాస్త అటూ ఇటూ. గన్నవరం గంట దూరమనే మాట అందరికీ అలవాటైపోయింది. అయితే కొంపల్లిలోనో, మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో ఇంటికి తాళం వేసి బయల్దేరే మనిషికి ఈ అంకెలు చెప్పేది ప్రయాణంలో ఒక చిన్న ముక్క గురించే. ఆ గంట ఎలా తయారవుతుందో, మిగతా గంటలు ఎక్కడ ఖర్చవుతాయో విడదీసి చూస్తే, దగ్గరి ఊళ్ల విమాన ప్రయాణంలో దూరం వల్ల మారే సమయం చాలా తక్కువని తేలుతుంది.

దూరం కొలిచే తీరు

విమానయానంలో రెండు చోట్ల మధ్య దూరమంటే భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారి పొడవు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే విమానం దారి గోడ పటంలో ఉత్తరానికి వంగినట్టు కనిపించడం ఇందువల్లే. రెండు మూడు వందల కిలోమీటర్లలో భూమి వంపు లెక్కలోకి రానంత స్వల్పం. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీతే దాదాపుగా సరిపోతుంది. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సిబ్బంది వాడే కొలత నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన గన్నవరం వాళ్లకు 143 మైళ్ల దూరంలో ఉంటుంది.

అదే పద్ధతిలో శంషాబాద్ నుంచి కడప సుమారు 304 కిలోమీటర్లు, రాజమహేంద్రవరం పక్కనున్న మధురపూడి 361, తిరుపతికి దిగే రేణిగుంట 417, విశాఖపట్నం 512. రోడ్డు దూరాలు వీటికి ఒకే నిష్పత్తిలో ఉండవు. విశాఖ హైదరాబాద్‌కు దాదాపు నేరుగా తూర్పున ఉంది. కానీ జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లు ముందు ఆగ్నేయంగా విజయవాడ దాకా దిగి, అక్కడి నుంచి తీరం వెంట ఈశాన్యంగా ఎక్కాలి. అందుకే రోడ్డు మీద విశాఖ 600 కిలోమీటర్లు దాటుతుంది. గన్నవరం విషయంలో అంత తేడా లేదు. హైదరాబాద్–విజయవాడ రహదారి నల్గొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా దాదాపు గీతను అంటిపెట్టుకునే సాగుతుంది. విమానానికి రోడ్డు గట్టి పోటీ ఇవ్వడానికి అదొక పెద్ద కారణం.

గాలిలో ఏం జరుగుతుంది

ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ విమానం నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు 830 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. 264ను ఆ వేగంతో భాగిస్తే 19 నిమిషాలు రావాలి. ఏ విమానమూ అంత త్వరగా చేరదు, ఎందుకంటే ఈ దారిలో ఆ వేగాన్ని అందుకుని నిలబెట్టుకునే చోటే ఉండదు.

పైలట్లు దిగడానికి ఒక తేలిక లెక్క వాడతారు. ప్రతి వెయ్యి అడుగులు కిందికి రావడానికి మూడు నాటికల్ మైళ్లు ముందు నుంచి మొదలుపెట్టాలి. విమానం 25,000 అడుగుల ఎత్తుకు చేరిందనుకుంటే, దిగడానికే 75 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 139 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికి వంద కిలోమీటర్లు పైనే పడుతుంది. రెండూ కలిపితే 264లో మిగిలేది కొద్దిపాటి ముక్క. సూర్యాపేట దరిదాపుల్లోనే ఎక్కడం ఆగి దిగడం మొదలవుతుంది. దీనికి తోడు 10,000 అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు సుమారు 463 కిలోమీటర్లు మించకూడదన్న నియమం ఉంది. బయల్దేరిన తొలి నిమిషాలు, చేరే ముందటి నిమిషాలు ఈ నియమం కిందే గడుస్తాయి.

ఏటీఆర్ 72 లాంటి పంకాల విమానం ఇక్కడ వెనకబడకపోవడం ఈ కారణంగానే. దాని నిలకడ వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఎక్కే ఎత్తు కూడా తక్కువ, 17,000 అడుగుల దగ్గర ఆగిపోయినా చాలు. దిగడానికి 95 కిలోమీటర్లు సరిపోతుంది. కాగితం మీద జెట్ వేగంలో మూడింట రెండు వంతులైనా లేని ఈ విమానం, గన్నవరం దారిలో జెట్ కన్నా పది నిమిషాలకు మించి ఆలస్యం కాదు. ఇంధనం ఖర్చు చాలా తక్కువ. డెబ్బై చిల్లర సీట్లు కాబట్టి చిన్న ఊళ్లకు నింపుకోవడమూ తేలిక. విశాఖ దూరానికి వచ్చేసరికి మాత్రం జెట్ తన వేగాన్ని చూపిస్తుంది. 500 కిలోమీటర్లలో ఎక్కడం, దిగడం పోను సగం దారి నిలకడగా ఎగరడానికి దొరుకుతుంది.

ఇక గాలి. విమానం వీలైనంతవరకు ఎదురుగాలికే లేస్తుంది, ఎదురుగాలికే దిగుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. గన్నవరం రన్‌వేదీ దాదాపు అదే దిశ. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి బలంగా వీస్తుంది. అప్పుడు విజయవాడ విమానం శంషాబాద్‌లో పడమరకు లేచి, వెనక్కి మళ్లి తూర్పు దారి పట్టాలి. గన్నవరంలోనూ రన్‌వేను దాటి తూర్పుకు పోయి, తిరిగొచ్చి పడమర ముఖంగా దిగాలి. రెండు చోట్లా తిరుగుడు కలుపుకుంటే గీత మీద లేని కిలోమీటర్లు కొన్ని పదులు చేరతాయి. అదే గాలి మధ్య దారిలో వెనక నుంచి తోస్తుంది కాబట్టి పోయిన నిమిషాల్లో కొన్ని తిరిగొస్తాయి. చలికాలంలో తూర్పు గాలి ఉన్న రోజున రెండు చోట్లా నేరుగా లేచి నేరుగా దిగవచ్చు. కానీ ఆ కాలంలోనే గన్నవరం పొలాల మీద తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. సంక్రాంతి రోజుల్లో తొలి విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం, ఒక్కోసారి వెనక్కి మళ్లడం అక్కడి ప్రయాణికులకు అనుభవమే.

ఇవన్నీ కలుపుకున్నా చక్రాలు నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకే దాకా పట్టేది మామూలుగా 35 నుంచి 45 నిమిషాలు. టికెట్ మీది గంట ఇది కాదు. చక్రాల కింది అడ్డుకట్టలు తీసిన దగ్గర నుంచి, గమ్యంలో మళ్లీ అడ్డుకట్టలు పెట్టే దాకా సాగే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. సంస్థలు అమ్మేది దాన్నే. అందులో శంషాబాద్ టాక్సీ దారుల మీద మెల్లగా సాగడం, ముందున్న విమానాల వెనక వరసలో నిలబడటం, ఏ కారణానికైనా పనికొచ్చే కొన్ని అదనపు నిమిషాలు, అన్నీ ఉంటాయి. షెడ్యూలు కన్నా 15 నిమిషాల లోపు తేడాతో నడిచిన విమానాన్ని సకాలంలో నడిచినట్టే లెక్కిస్తారు గనక, షెడ్యూలులోనే కాస్త వెసులుబాటు పెట్టుకోవడం సంస్థలకు లాభం. గంట విమానం 50 నిమిషాలకే వచ్చిందని ప్రయాణికులు సంతోషించే రోజుల్లో జరిగేది చాలావరకు ఇదే.

నిమిషాలకు ధర

విమాన సమయం సర్కారు కాగితాల్లో కొలమానంగా మారిన సందర్భం ఒకటుంది. కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత 2020 మే 25న దేశీయ విమానాలు మళ్లీ మొదలైనప్పుడు, కేంద్రం మార్గాలన్నిటినీ ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు తరగతులుగా విడదీసి ఛార్జీలకు కింది హద్దు, పై హద్దు పెట్టింది. 40 నిమిషాల లోపు మార్గాలకు మొదట నిర్ణయించినది 2,000 నుంచి 6,000 రూపాయలు. 40 నుంచి 60 నిమిషాల వాటికి 2,500 నుంచి 7,500. గంట నుంచి గంటన్నర వాటికి 3,000 నుంచి 9,000. తర్వాత ఈ హద్దులు పలుమార్లు మారి, 2022 ఆగస్టు 31తో ఎత్తివేశారు.

అంతకు ముందే, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించేందుకు కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం దూరాన్ని ధరతో ముడిపెట్టింది. దాదాపు 500 కిలోమీటర్ల గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నది దాని ప్రధాన హామీ. విమానంలో సగం సీట్లను ఈ పరిమితి ధరకు అమ్మితే, సంస్థకు వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని నరేంద్ర మోదీ సిమ్లాలో ఈ పథకం తొలి విమానాలను ప్రారంభించినప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు ఉన్న మిగతా రెండు మార్గాలూ హైదరాబాద్‌వే: కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్. ఆ రెంటినీ నడిపింది హైదరాబాద్ కేంద్రంగా 2015లో ఎగరడం మొదలుపెట్టిన ట్రూజెట్.

చిన్న ఊళ్ల విమానాలు ఎంత సున్నితమైనవో కడప చరిత్రే చూపిస్తుంది. 2015 జూన్‌లో కడప విమానాశ్రయం తెరుచుకున్నప్పుడు బెంగళూరు నుంచి వచ్చిన తొలి విమానం ఎయిర్ పెగాసస్‌ది. ఏడాది తిరిగేసరికి ఆ సంస్థ ఆగిపోయింది. ఉడాన్‌తో ట్రూజెట్ వచ్చింది. 2022 ఆరంభంలో అదీ ఆగిపోయింది. తర్వాత ఇండిగో ఏటీఆర్‌లు ఆ ఊరికి నడవసాగాయి. ఇండిగో తన తొలి ఏటీఆర్‌ను 2017 డిసెంబరులో నడిపింది కూడా హైదరాబాద్ నుంచే. ఇంకా వెనక్కి పోతే, 1981లో పుట్టిన ప్రభుత్వ సంస్థ వాయుదూత్ చిన్న డోర్నియర్ విమానాలతో ఇలాంటి ప్రయత్నమే చేసి, నష్టాల్లో కూరుకుపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 304 కిలోమీటర్ల దూరం మారలేదు, జనమూ ఉన్నారు. మారుతూ వచ్చింది ఆ దారిలో తట్టుకుని నిలబడగల సంస్థ.

కొంపల్లి గుమ్మం నుంచి

ఈ లెక్కల్లో కొంపల్లి స్థానం ప్రత్యేకమైనది. హైదరాబాద్ ఉత్తర అంచున, నాగపూర్ వెళ్లే 44వ జాతీయ రహదారి మీదున్న ఈ ఊరి చుట్టూ రన్‌వేలకు కొదవ లేదు. తూర్పున ఐదు కిలోమీటర్ల దూరంలో హకీంపేట వైమానిక స్థావరం, వాయవ్యంగా 14 కిలోమీటర్లలో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, దక్షిణాన తొమ్మిది కిలోమీటర్లలో బేగంపేట. ఇవి గీత దూరాలు. దుండిగల్ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. అక్కడ శిక్షణ పొందే క్యాడెట్ల పిలాటస్ విమానాల మోత మేడ్చల్, శామీర్‌పేట పిల్లలకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఈ చుట్టుపక్కల ఎత్తైన భవనం కట్టాలంటే స్థావరాల నుంచి దూరాన్ని బట్టి ఎత్తుకు అనుమతి తీసుకోవాలి. మూడు రన్‌వేల నడుమ ఉన్నా, కొంపల్లి వాసి టికెట్ కొని ఎక్కగలిగే విమానం వీటిలో ఏ ఒక్కదాని నుంచీ లేవదు.

2008 మార్చి దాకా పరిస్థితి వేరు. నిజాం కాలం నుంచి ఉన్న బేగంపేటే నగరానికి విమానాశ్రయం. 1940ల నడుమ నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు అక్కడి నుంచే నడిచాయి. 1953 జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. కొంపల్లి నుంచి సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా బేగంపేట పన్నెండు కిలోమీటర్ల చిల్లర. 2008 మార్చి 14న శంషాబాద్ విమానాశ్రయాన్ని సోనియా గాంధీ ప్రారంభించారు. బేగంపేటను మూయవద్దని అప్పట్లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు ఆందోళనకు దిగినా, 22 అర్ధరాత్రితో అక్కడి పౌర విమానాలు ఆగిపోయాయి. ఆ ఒక్క రాత్రితో ఉత్తర శివారు జనానికి విమానం 33 కిలోమీటర్ల గీత దూరానికి జరిగింది.

గీత 33 కిలోమీటర్లే అయినా దాని వెంట పోయే దారి లేదు. నగరం మధ్య నుంచి వెళ్తే 45 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది; సికింద్రాబాద్, మెహదీపట్నం ట్రాఫిక్‌ను బట్టి గంటన్నర కావచ్చు, రెండు గంటలు దాటనూవచ్చు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో రావడం ఆఖరి భాగాన్ని తేలిక చేసింది గానీ, దాన్ని చేరేదాకా పడే పాట్లు తగ్గలేదు. రెండో దారి ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఈ వలయంలో చిట్టచివరగా పూర్తయిన ముక్క కొంపల్లి పక్కనే ఉన్న కండ్లకోయ జంక్షన్. 2018లో అది తెరుచుకున్నాకే ఉత్తరం వైపు వాళ్లకు ఔటర్ నిజంగా అందింది. కండ్లకోయలో ఎక్కి, పటాన్‌చెరు, గచ్చిబౌలి మీదుగా శంషాబాద్‌లో దిగితే సుమారు 70 కిలోమీటర్లు. దూరం ఎక్కువే అయినా గంటా పది, గంటా ఇరవై నిమిషాల్లో చేరతామన్న నమ్మకం ఉంటుంది. విమానం పట్టుకోవాల్సిన మనిషికి ఆ నమ్మకం తక్కువ కిలోమీటర్ల కన్నా విలువైనది. అందుకే ఇక్కడి క్యాబ్ డ్రైవర్లు ఎయిర్‌పోర్టు అనగానే టోల్ సంగతి మాట్లాడుకుని ఔటర్ ఎక్కేస్తారు.

మూడు దారులు, ఒకే ఐదు గంటలు

ఇప్పుడు కొంపల్లి నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా ఒక పగటి ప్రయాణాన్ని లెక్కిస్తే ఇలా ఉంటుంది. శంషాబాద్ చేరడానికి గంటా ఇరవై నిమిషాలు. చెక్-ఇన్ కౌంటర్లు గంట ముందే మూసేస్తారు కాబట్టి, భద్రతా తనిఖీ వరస కూడా కలుపుకుని అక్కడ గంటన్నర. బ్లాక్ టైమ్ గంటా ఐదు. దిగి సామాను తీసుకోవడానికి పాతిక నిమిషాలు. గన్నవరం నుంచి ఊళ్లోకి ఇరవై కిలోమీటర్ల లోపు, మరో 35 నిమిషాలు. మొత్తం ఐదు గంటలకు కొద్ది నిమిషాలు తక్కువ.

అదే మనిషి కారెక్కితే కండ్లకోయలో ఔటర్ పట్టి, ఈసారి తూర్పు వైపు శామీర్‌పేట, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేటలో దిగి 65వ జాతీయ రహదారి అందుకుంటాడు. మొత్తం 300 కిలోమీటర్లు, టీ కోసం ఆగడంతో కలిపి ఐదు నుంచి ఐదున్నర గంటలు. రైలైతే, 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ నాలుగు గంటల చిల్లరలో విజయవాడ చేరుస్తుంది. కొంపల్లి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు ముప్పావు గంట, ముందు కాసేపు, తర్వాత కాసేపు. ఇదీ ఐదు గంటల చిల్లరే. గంటకు 500 కిలోమీటర్ల పైన ఎగిరే విమానం, 130 లోపు నడిచే రైలు, వంద దాటని కారు ఉత్తర శివారు మనిషిని దాదాపు ఒకే సమయానికి విజయవాడలో దింపుతాయి. శంషాబాద్‌కు పావుగంట దూరంలో ఉండే మనిషికి మాత్రం విమానం గంటకు పైగా ఆదా చేస్తుంది. అంటే 264 కిలోమీటర్ల ఫలితాన్ని తేల్చేది ఆ 264 కాదు, ఇంటి నుంచి రన్‌వే దాకా ఉన్న 70.

విశాఖ విషయంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. గాలి దూరం 264 నుంచి 512కు దాదాపు రెట్టింపైనా, బ్లాక్ టైమ్ పెరిగేది పదిహేను ఇరవై నిమిషాలే. ఇంటి నుంచి ఇంటికి మళ్లీ ఐదు గంటల చుట్టుపక్కలే. రోడ్డు మీద అదే ప్రయాణం పదకొండు పన్నెండు గంటలు, వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, దానికి స్టేషన్ దాకా వెళ్లే సమయం అదనం. రేణిగుంట, కడపలకూ విమానానిదే స్పష్టమైన పైచేయి. రాజమహేంద్రవరం మధ్యస్థం; కారు ప్రయాణం ఇష్టమైనవాళ్లు విమానం వదిలేసినా పోయేదేమీ లేదనే చెప్పాలి. కడపలా రోడ్డు బాగా చుట్టు తిరిగే ఊళ్లను పక్కన పెడితే, కొంపల్లి నుంచి చూస్తే విమానం నిజంగా పనికొచ్చే హద్దు దాదాపు 350 కిలోమీటర్ల గీత దూరం దగ్గర మొదలవుతుంది.

ఈ హద్దును కిందికి దించగలిగేది వేగమైన విమానం కాదు, ఇంటి నుంచి రన్‌వే వైపు చేర్చే వేగమైన రోడ్డో రైలో. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రెండో దశ కింద మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు లోకల్ రైళ్లు మొదలయ్యాయి. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు దాకా 5.4 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కూ, జేబీఎస్ నుంచి శామీర్‌పేట దాకా మరో కారిడార్‌కూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. 2025 ఆరంభంలో ప్యారడైజ్–మేడ్చల్, జేబీఎస్–శామీర్‌పేట మెట్రో మార్గాలను ప్రకటించారు. ప్యారడైజ్ రోడ్డు కారిడార్ ప్రణాళికలో బేగంపేట రన్‌వే దగ్గర సుమారు 600 మీటర్లు సొరంగంలో వెళ్తుంది, విమానాలు లేచి దిగే దారికి స్తంభాలు అడ్డు రాకూడదని. పౌర విమానాలు ఆగి ఇన్నేళ్లయినా, వీఐపీ, సైనిక, శిక్షణ విమానాలతో పాటు వింగ్స్ ఇండియా ప్రదర్శనకూ బేగంపేట ఇంకా వాడుకలో ఉంది. కొంపల్లి రోడ్డు రూపాన్ని అది నేటికీ శాసిస్తోంది.

దగ్గరలో మరో విమానాశ్రయం వస్తే? శంషాబాద్ నిర్మాణానికి 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు కొత్త విమానాశ్రయానికి పాతికేళ్లపాటు వీలులేదు. నిజాం నాటి వరంగల్ మామునూరు రన్‌వే గీత దూరంలో సుమారు 145 కిలోమీటర్లు. ఐదు కిలోమీటర్ల తేడాతో ఆ ఊరు ఏళ్ల తరబడి ఎదురుచూసింది. శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదన్నాక, 2025లో మామునూరుకు కేంద్రం అనుమతి వచ్చింది. వరంగల్, కరీంనగర్ ప్రాంతాలకు అది మేలు చేస్తుంది. మేడ్చల్ వాళ్లకు మాత్రం దాదాపు 150 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం గనక శంషాబాద్‌కు బదులు కాలేదు.

బేగంపేట మూతతో కొంపల్లికి ఎదురైన లెక్క ఇప్పుడు విశాఖ ముందుకు వచ్చింది. ప్రస్తుతం నౌకాదళ స్థావరంతో పంచుకునే రన్‌వేకు బదులుగా, విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. శంషాబాద్ నుంచి గాలి దూరం దానివల్ల 30 కిలోమీటర్ల చిల్లర పెరుగుతుంది, జెట్‌లో రెండు మూడు నిమిషాలు. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు ఉండేవాళ్లు మాత్రం నగరం మొత్తం దాటి వెళ్లాలి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు అదే రన్‌వే దగ్గరవుతుంది.